పాత కంప్యూటరుకు కొత్త పెత్తనం

పిల్లలూ! పెద్ద పెళ్ళి జరిగే ఇంట్లో ఒక మనిషిని మీరు చూసే ఉంటారు. ఆయన వంట చెయ్యడు, సన్నాయి వాయించడు, మంత్రాలు చదవడు. కాని బియ్యం ఎన్ని నానాలో, ఏ బంతిలో ఎంతమంది కూర్చోవాలో, ఎవరి సామాను ఏ గదిలో ఉన్నదో అంతా ఆయనకే తెలుసు. ఇద్దరు వంటవాళ్ళు ఒకే గుండిగ కోసం పోట్లాడితే, ముందు ఎవరికి ఇవ్వాలో చెప్పేది ఆయనే. ఆయన లేకపోతే అందరూ ఉండి కూడా పెళ్ళి సాగదు.

కంప్యూటరులో ఇటువంటి పెత్తనం చేసేదాన్ని ఆపరేటింగు సిస్టం అంటారు. మీరు బొమ్మ గీసినా, పాట విన్నా, ఉత్తరం రాసినా, ఆ పనులు చేసే ప్రోగ్రాములు డిస్కునూ, తెరనూ, మీటలనూ నేరుగా ముట్టుకోవు. ఈ పెత్తందారును అడుగుతాయి. ఆయన వంతులవారీగా అందరికీ సర్దుతాడు. సెకనులో వెయ్యో వంతు ఒకరికి, మరో వెయ్యో వంతు ఇంకొకరికి ఇస్తూ పోతాడు గనక, అన్నీ ఒకేసారి జరుగుతున్నట్టు మనకు కనిపిస్తుంది.

మరి ఈ పెత్తందారును మార్చవచ్చునా? నిక్షేపంలా మార్చవచ్చును. ఇల్లు అదే, గుండిగలు అవే, మనిషి మాత్రం కొత్తవాడు. ఈ సంగతి చాలామంది పెద్దవాళ్ళకే తెలియదు. కంప్యూటరు కొన్ననాడు అందులో ఏది ఉన్నదో అదే దాని ప్రాణమనుకుంటారు. మా ఇంట్లో మేము మార్చాము. అది ఎలా జరిగిందో చెబుతాను, వినండి.

మాది 2011లో కొన్న కంప్యూటరు. నిలువుగా నిలబెట్టే ఇనపపెట్టె రకం. దానిని అందరికంటె ఎక్కువగా వాడినది మా నాన్నగారు. ఆయన బడిపంతులుగా పనిచేసి రిటైరయారు. చీరాల, మంగళగిరి, పెడన చుట్టుపక్కల ఊళ్ళలో ఉద్యోగం చేసిన రోజుల్లో, సాయంత్రాలు నేతగాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మగ్గం పక్కన కూర్చుని వాళ్ళ మాటలు రాసుకునేవారు. పడుగు, పేక, నాడె, కండె, అచ్చు, ఆసు—ఇవి మీలో కొందరికి తెలిసే ఉంటాయి. కాని మగ్గంలో ఉండే ప్రతి పుల్లకూ, ప్రతి తాడుకూ, ప్రతి ముడికీ ఒక పేరున్నది. ఈ ఊళ్ళో ఒక పేరుంటే, నాలుగు క్రోసుల అవతల మరో పేరు. ఆ విధంగా ముప్ఫై ఏళ్ళలో ఆయన నాలుగువేల పైచిలుకు మాటలు పోగుచేశారు. రిటైరైన తరవాత కూర్చుని అన్నిటినీ కంప్యూటరులో టైపు చేశారు. ఈలోగా అటకమీది నోటు పుస్తకాలకు చెదలు పట్టింది. ఆ మాటలు చెప్పిన నేతగాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఇక మిగిలినది ఆ పెట్టెలోని హార్డు డిస్కు ఒక్కటే.

మా కంప్యూటరులో పెత్తనం చేస్తూ ఉండినది విండోస్ 10. దానికి మామూలుగా వచ్చే మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మరమ్మతులేమిటని అడుగుతారేమో. ఎంత మంచి గోడకైనా ఎప్పుడో ఒకప్పుడు బీట కనిపిస్తుంది. దొంగలు దాన్ని చూసేలోగా మేస్త్రీ వచ్చి పూడ్చాలి. మేస్త్రీ రావటం మానేస్తే ఇల్లు వెంటనే కూలదు, కాని నిద్ర సరిగా పట్టదు. దాని తరవాతిదైన విండోస్ 11కు మరింత కొత్త ప్రాసెసరూ, టీ.పీ.ఎం. 2.0 అనే భద్రతా భాగమూ కావాలి. మా పెట్టెలో అవి లేవు. దుకాణంలో అడిగితే, దీన్ని పాతసామాను వాడికి ఇచ్చేసి కొత్తది కొనమన్నారు. తెర చక్కగా వెలుగుతున్నది, మీటలన్నీ పనిచేస్తున్నవి. అటువంటిదాన్ని పారెయ్యటం నాకు నచ్చలేదు. డబ్బు సంగతి సరేసరి.

లైనక్సు వేసి చూద్దామని నేను అన్నాను. మా అన్నయ్య కూతురు ఏడో తరగతి చదువుతున్నది. అది ఎగిరి గంతేసింది. నాన్నగారు మాత్రం కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

"ఒరే అబ్బాయీ, మీరిద్దరూ ఏమైనా చేసుకోండి. ఆ డిస్కు జోలికి మాత్రం వెళ్ళకండి," అన్నారు.

"మీ డిస్కు మీద ఏమీ చెయ్యను, నాన్నగారూ. దాన్ని ఊడదీసి మీ బీరువాలో పెడతాను. తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. కొత్తది వేరే డిస్కు మీద వేస్తాను," అన్నాను.

ఇందులోనే ఉన్నది కిటుకంతా. ఒకే డిస్కును రెండు భాగాలుగా విడగొట్టి, పాతదీ కొత్తదీ పక్కపక్కనే పెట్టుకునేవారున్నారు. అది తప్పు కాదు. కాని విడగొట్టేటప్పుడు వేలు జారినా, నడుమ కరెంటు పోయినా పాతవన్నీ పోవచ్చు. వేరే డిస్కు ఉంటే ఆ భయం లేదు. కొత్తది నచ్చకపోతే పాత డిస్కును తిరిగి తగిలిస్తే సరి. కంప్యూటరు నిన్నటిలాగే లేచి కూర్చుంటుంది.

వేరే డిస్కు కొనవలసిన పని కూడా పడలేదు. అన్నయ్య లాప్‌టాప్ ఒకటి తెర పగిలి మూల పడి ఉన్నది. దాని డిస్కు చిన్నది, రెండున్నర అంగుళాలది. పెద్ద కంప్యూటరులోనిది మూడున్నర అంగుళాలది. చూడటానికి మేక పక్కన మేకపిల్లలా ఉంటాయి. కాని రెండింటికీ తగిలించే కొసలు ఒకటే: సమాచారానికి ఏడు రేకుల కొస, కరెంటుకు పదిహేను రేకుల కొస. తిరగేసి పెడదామన్నా పట్టదు, అలా చేశారు.

పెట్టె విప్పే ముందు నాన్నగారి దస్త్రాలన్నిటినీ రెండు పెన్‌డ్రైవులలోకి ఎక్కించి, ఒకటి ఆయనకిచ్చాను. తరవాత కరెంటు తీగ పీకేశాను. విప్పిన వెంటనే అమ్మాయిచేత పెట్టె ఇనుమును తాకించాను. ఎందుకంటారా? మన ఒంటిమీద నిలవ విద్యుత్తు ఉంటుంది. ప్లాస్టిక్ దువ్వెనతో తల దువ్వుకుని కాగితపు ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకుంటాయే, ఆ విద్యుత్తే. మనకు తెలియనైనా తెలియని ఆ కాస్త దెబ్బకు లోపలి సన్నని భాగాలు చెడిపోగలవు. ఇనుమును తాకితే అది దిగిపోతుంది.

పాత డిస్కును ఊడదీసి అమ్మాయి చేతిలో పెడితే, "ఎంత బరువో!" అన్నది. బరువుండదూ మరి! లోపల అద్దంలా మెరిసే పళ్ళేలున్నాయి. అవి నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతాయి. అంటే మీరు "ఒకటి" అనేలోగా నూట ఇరవై చుట్లు. పళ్ళెం మీద రాసి చదివే చిన్న తల ఒకటి ఉంటుంది. అది పళ్ళేన్ని తాకదు, గాలి పొరమీద తేలుతుంది. ఆ సందు మీటరులో వందకోట్లవ వంతులు ఏ కొన్నో! దాని పక్కన మన తలవెంట్రుక పెడితే కొండలా ఉంటుంది. అందుకే తిరుగుతున్న డిస్కును కుదపరాదు. నాన్నగారు దాన్ని పాత కండువాలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు.

ఇక లైనక్సు. అందులో చాలా రకాలున్నాయి. ఫ్రాన్సు దేశస్థుడు క్లెమాన్ లెఫెవ్ర్ 2006లో మొదలుపెట్టిన లైనక్సు మింటులో, పాత కంప్యూటర్ల మీద బరువు వెయ్యని రకాన్ని ఎంచుకున్నాను. ధర లేదు. దింపుకుని పెన్‌డ్రైవులోకి ఎక్కించాలి. కాని దానికి ముందు ఒక పని చెయ్యాలి. దింపినది సరిగా వచ్చిందా, దారిలో ఏమైనా చెడిందా అని చూడాలి. ఇందుకొక తమాషా లెక్క ఉన్నది. మొత్తం దస్త్రాన్ని ఆ లెక్కలో వేస్తే అరవైనాలుగు అక్షరాల గుర్తు ఒకటి వస్తుంది. కోట్ల కొద్దీ అంకెలలో ఒక్కటి మారినా గుర్తు గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. తయారుచేసినవారు తమ గుర్తును ప్రకటిస్తారు. మన గుర్తు దానితో కలవాలి. అమ్మాయి వేలుపెట్టి ఒక్కొక్క అక్షరమే చదువుతూంటే తాతగారు పక్కన సరిచూశారు. చీట్లపేకలో చీటీ నంబరు చూసుకున్నంత శ్రద్ధగా చూశారు! అరవైనాలుగూ కలిశాయి.

కంప్యూటరును వెలిగించి, డిస్కునుంచి కాక పెన్‌డ్రైవు నుంచి లేవమని చెప్పాము. లైనక్సులో ఉన్న పెద్ద సుఖం ఇదే. డిస్కు మీద అడుగు పెట్టకుండానే, పెన్‌డ్రైవు మీదినుంచే అది నడుస్తుంది. తెర ఎలా ఉన్నదో, శబ్దం వస్తున్నదో లేదో, ఇంటర్నెట్టు అందుతున్నదో లేదో చూసుకోవచ్చు. పెళ్ళికొడుకును చూడకుండా ముహూర్తం పెట్టుకోవటం ఎందుకు? అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు చిన్న డిస్కు మీద ఎక్కించటం మొదలుపెట్టాము. డిస్కు మీద ఉన్నదంతా చెరిపివేస్తానని తెర మీద హెచ్చరిక వచ్చింది. ఉన్న డిస్కు ఒకటే గనక నిబ్బరంగా సరేనన్నాము.

అది పూర్తికావటానికి అరగంట పట్టింది. ఈలోగా అమ్మాయికి ఒక కథ చెప్పాను. మీకూ చెబుతాను.

ఫిన్లండు దేశంలో, హెల్సింకీ విశ్వవిద్యాలయంలో లీనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు చదువుకుంటూ ఉండేవాడు. 1991 జనవరిలో అతను ఒక కంప్యూటరు కొన్నాడు. దాని మీద మినిక్స్ అనే ఆపరేటింగు సిస్టం వేసుకున్నాడు. అది ఆమ్‌స్టర్‌డామ్‌లో టానెన్‌బామ్ అనే ఆచార్యుడు తన విద్యార్థుల పాఠాల కోసం రాసినది. లీనస్‌కు అందులో కొన్ని లోట్లు కనిపించాయి. సరదాకు తనే ఒకటి రాయటం మొదలుపెట్టాడు. ఆగస్టు 25న, అప్పటికతనికి 21 ఏళ్ళు, తనలాటివాళ్ళకు ఆ సంగతి తెలియపరిచాడు. ఏదో వేడుకకు చేస్తున్నాననీ, ఇదేమంత పెద్దది కాబోదనీ రాశాడు.

ఆ రోజులలో టెలిఫోను తీగమీద విశ్వవిద్యాలయపు కంప్యూటరును పిలిచేవారు. ఒకనాడు లీనస్, ఫోను చేసే పరికరానికి పంపవలసిన ఆజ్ఞను పొరపాటున హార్డు డిస్కుకు పంపాడు! పాపం, డిస్కు ఫోను చెయ్యలేదు గదా. ఆ ఆజ్ఞ పోయి మినిక్స్ ఉన్న భాగం మీద రాసుకుపోయింది. మినిక్స్ నాశనమయింది. లీనస్ దాన్ని మళ్ళీ వేసుకునే బదులు, ఇకమీదట తాను రాసినదాన్నే వాడదామనుకున్నాడు. 1992లో దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు, కాని మార్చి ఇతరులకు పంచితే ఆ మార్పులను కూడా చూపించాలి అనే షరతు కిందికి తెచ్చాడు. ఆ షరతులు రాసినవాడు అమెరికాలో రిచర్డు స్టాల్‌మన్. ఆయన స్నేహితులు అప్పటికే రాసిన ప్రోగ్రాములు ఎన్నో దీనితో కలిశాయి. తరవాత లోకంలో వేలాదిమంది తలా ఒక చెయ్యి వేశారు.

పెద్దది కాదనుకున్నది ఎంతయిందో చూడండి. ఆండ్రాయిడు ఫోనుల లోపల పెత్తనం లైనక్సుదే. ప్రపంచంలోకల్లా వేగమైన 500 కంప్యూటర్ల పట్టీ ఒకటి వేస్తారు. 2017 నవంబరునాటికి అందులో ప్రతి ఒక్కటీ లైనక్సుతోనే నడుస్తున్నది. 2021 ఏప్రిల్ 19న కుజగ్రహం మీద ఎగిరిన ఇంజెన్యూయిటీ అనే చిన్న హెలికాప్టరులో కూడా ఇదే. ఆ హెలికాప్టరు 72 సార్లు ఎగిరి, 2024 జనవరిలో రెక్క విరిగి ఆగిపోయింది.

"అయితే మన పాత పెట్టెకూ, కుజుడి మీద హెలికాప్టరుకూ చుట్టరికమా!" అన్నది అమ్మాయి. అవునన్నాను. దానికి తాతగారు, "చుట్టరికం మాట తరవాత. నా మాటలు చూపించండి," అన్నారు.

పెన్‌డ్రైవు పెట్టి దస్త్రం తెరిచాము. ఆయన ముఖం పాలిపోయింది. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, కొక్కేలు. ఒక్క తెలుగు అక్షరం లేదు. ముప్ఫై ఏళ్ళ కష్టం చీమలు పారినట్టున్నది. ఆయన ఏమీ అనలేదు. లేచి వెళ్ళి, బీరువా తాళం ఒకసారి లాగి చూసుకుని వచ్చారు.

పిల్లలూ! ఇక్కడ కాస్త నిదానంగా వినండి. ఇది మన తెలుగుకు సంబంధించిన సంగతి. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఇంగ్లీషు 'ఎ' పెద్ద అక్షరానికి 65 అని ఏనాడో నిర్ణయించారు. తెలుగుకు అటువంటి అంకెలు వాడుకలోకి రాకముందు, మనవాళ్ళు ఒక ఉపాయం చేశారు. 65 దగ్గర ఇంగ్లీషు బొమ్మకు బదులు ఒక తెలుగు ముక్క బొమ్మ పెట్టి ఫాంటు తయారుచేశారు. దస్త్రంలో ఉండేది 65 అనే అంకె. ఫాంటు ఉంటే అది తెలుగుగా కనిపిస్తుంది, లేకపోతే ఇంగ్లీషుగా కనిపిస్తుంది. పత్రికలు, శుభలేఖలు, పాఠాలు ఎన్నో ఇలాగే అచ్చయాయి. నాన్నగారు టైపు చేసినది కూడా ఆ పద్ధతిలోనే.

కనక మాటలు ఎక్కడికీ పోలేదు. ముసుగు వేసుకుని ఉన్నాయి, అంతే. వాటి ఫాంటు కావాలి. అది పాత డిస్కులో ఉన్నది.

"తాతయ్యా, తాళంచెవి ఇవ్వవూ?" అన్నది అమ్మాయి.

ఆయన చాలాసేపు ఆలోచించారు. కొత్త పెత్తందారు తన డిస్కు మీద ఒక్క అక్షరమైనా రాస్తాడేమోనని ఆయన భయం. చదవటానికి మాత్రమే వీలుండేటట్టు, రాయటానికి బొత్తిగా వీలులేకుండా తగిలించవచ్చునని చెప్పాను. చివరకు తానే తెచ్చి ఇచ్చారు. కంప్యూటరు ఆపి, రెండో కొసకు దాన్ని తగిలించి, తిరిగి వెలిగించాము. డిస్కు ఝుమ్మని తిరగటం వినిపించింది. ఫాంటు దస్త్రాన్ని కొత్తదానిలోకి తెచ్చుకుని మళ్ళీ తెరిస్తే, పడుగూ పేకా అన్నీ వరసగా నిలబడి ఉన్నాయి! ఒకటి రెండు చోట్ల ఒత్తులు పక్కకు జరిగాయి గాని, చదువుకోవటానికి ఇబ్బంది లేదు. నాన్నగారు కళ్ళజోడు తుడుచుకుని, మొదటి పేజీ పైకి చదివారు. వెంటనే డిస్కు మళ్ళీ కండువాలోకి, కండువా బీరువాలోకి పోయాయి.

అయితే ఎంతకాలం ముసుగులో ఉంచుతాము? ఆ ఫాంటు లేని చోట ఎప్పటికీ ఇదే తంటా. 1991లోనే, లీనస్ తన వేడుక మొదలుపెట్టిన ఏడాదే, యూనికోడ్ అనే పద్ధతి మొదటిసారి వెలువడింది. అందులో ప్రపంచంలోని లిపులకు వేరువేరు అంకెలిచ్చారు. తెలుగు 'అ'కు 3077, 'క'కు 3093. ఇవి ఇంక ఎవరివీ కావు, మనవే. 'త్ర' రాయాలంటే 3108, 3149, 3120—అంటే తకారం, దాని అచ్చును తీసేసే గుర్తు, రకారం. మనం పలికే వరసలోనే ఉంటుంది, చూశారా? పాత ఫాంట్లలో కొన్నిటిలో అలాకాదు. కంటికి ఎడమవైపున ముందుగా కనిపిస్తుంది గనక, రకారపు ఒత్తు ముందు, తకారం తరవాత. అందుకే పాతవాటిని కొత్తవాటిలోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నా, అవి ఒత్తుల దగ్గర తడబడతాయి. యంత్రం మార్చినదాన్ని మనిషి సరిచూడవలసిందే. మామూలు పుస్తకమైతే నిఘంటువు చూసి దిద్దవచ్చు. ఈ మాటలలో ఎన్నో మామూలు నిఘంటువులలో దొరకవు. వీటిలో ఒత్తు ఎక్కడ ఉండాలో చెప్పగలిగినది నాన్నగారొక్కరే. ఆయనకు డెబ్బైతొమ్మిదేళ్ళు.

అందుచేత ఇప్పుడు రోజూ సాయంత్రం ఒక గంట బడి జరుగుతున్నది. తాతగారు చదువుతారు, మనమరాలు దిద్దుతుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే పద్ధతిలో టైపు చెయ్యటం నేర్చుకున్నది. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. భారతదేశపు లిపులలో చాలావాటికి అదే అమరిక. హిందీ 'క' ఉన్న మీట మీదే తెలుగు 'క' కూడా. రెండు వారాలకే వేళ్ళు దారి పట్టాయి.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. మా పాత ప్రింటరు మూడు రోజులు మొండికేసింది. అమ్మాయి ఆడుకునే ఆట ఒకటి ఇందులో నడవనే నడవదు. అందుకు అది ఒకపూట అలిగింది. పక్కింటి ప్లీడరుగారు తన లెక్కల ప్రోగ్రాము ఇందులో పనిచేస్తుందా అని అడిగితే, అది దీనికోసం తయారుచేసినది కాదనీ, మీరు మారవద్దనీ చెప్పాను. అందరికీ ఒకే చొక్కా సరిపోదు.

నాన్నగారికి మాత్రం ఒక కొత్త వినోదం దొరికింది. లైనక్సులో తెర మీది మాటలను తెలుగులో పెట్టుకోవచ్చు. జీతాలకు కాక, ఇష్టంకొద్దీ కొందరు వాటిని తెలుగు చేశారు; హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవారు ఇటువంటి పని ఎంతో చేశారు. ఫైలును దస్త్రం అన్నారని చూసి ఆయన సంతోషించారు. కొన్ని మాటలు చూసి, "ఇది తెలుగా!" అని విసుక్కున్నారు. నచ్చకపోతే మంచి మాట రాసి పంపవచ్చునని చెప్పాను. ఒక నోటు పుస్తకం కొనుక్కున్నారు.

మాటలన్నీ కొత్త అంకెలలోకి మారుతున్న కొద్దీ, మీట నొక్కితే అకారాది క్రమంలో వచ్చి నిలబడుతున్నాయి. పూర్వం ఆయన ఈ పనికే అట్టముక్కల చీట్లు రాసి నేలమీద పరుచుకునేవారు. సున్న ఉన్న మాటలు మాత్రం తాననుకున్న చోటికి రాలేదని యంత్రంతో ఆయనకు పేచీ ఉన్నది. ఆ పేచీ ఇంకా తేలలేదు.

ఇంతవరకు రెండువేల ఆరువందల మాటలు సరిచూశారు. నిన్న 'నాడె' దగ్గరికి వచ్చారు. దాని భాగాల పేర్లలో ఒకదానికి ఒత్తు ఉన్నదో లేదో తెరమీద తెలియలేదు, తాతగారికీ గుర్తు రాలేదు. ఆదివారం ఇద్దరూ మంగళగిరి బస్సెక్కి, మగ్గం దగ్గర అడిగి వస్తారట.